ఓట్‌ఫ్రిడ్ ఫోర్‌స్టర్

ఓట్‌ఫ్రిడ్ ఫోర్‌స్టర్ (నవంబర్ 9, 1873 - జూన్ 15, 1941) ప్రముఖ జర్మన్ నాడీ వైద్యుడు, నాడీ శస్త్రచికిత్సకు ఆద్యులలో ఒకడు. మస్తిష్క పక్షవాతం (సెరిబ్రల్ పాల్సీ) వల్ల కాళ్ళు బిగుసుకుపోయిన పిల్లలకు, వెన్నుపాము నుండి వెలువడే జ్ఞాననాడుల వేళ్ళను కత్తిరించి బిగుతును తగ్గించే శస్త్రచికిత్సను 1908లో ప్రకటించాడు. ఈ పద్ధతి కొంతకాలం వెలిగి, తరువాత మూలబడి, మళ్ళీ 1970, 80 దశకాలలో సవరించిన రూపంలో వాడుకలోకి వచ్చింది. సోవియట్ నాయకుడు లెనిన్‌కు చివరి రోజులలో వైద్యం చేసినవాడిగా సామాన్య ప్రజలకు ఇతని పేరు ఎక్కువగా తెలుసు. మానవ శరీరంపై ఏ చర్మభాగానికి ఏ వెన్నునాడి స్పర్శజ్ఞానాన్ని ఇస్తుందో తెలిపే పటాలను తయారుచేసినవారిలోనూ ఇతడు ముఖ్యుడు.

బాల్యం, విద్యాభ్యాసం

ఫోర్‌స్టర్ అప్పటి జర్మనీలోని బ్రెస్లౌ నగరంలో జన్మించాడు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఈ నగరం పోలండ్‌కు దక్కింది. ఇప్పుడు దాని పేరు వ్రోత్స్వాఫ్. తండ్రి రిచర్డ్ ఫోర్‌స్టర్ ప్రాచీన గ్రీకు, లాటిన్ సాహిత్యంలో పండితుడు, విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. కుమారుడు మాత్రం వైద్యం వైపు మొగ్గాడు. ఫ్రైబుర్గ్, కీల్, బ్రెస్లౌ నగరాలలో చదివి 1897 ప్రాంతంలో వైద్యపట్టా పుచ్చుకున్నాడు.

ఆ రోజులలో బ్రెస్లౌలో మనోవ్యాధుల శాఖకు అధిపతి కార్ల్ వెర్నికె. మెదడులో మాటను అర్థం చేసుకునే భాగానికి ఇప్పటికీ ఆయన పేరే ఉంది. వెర్నికె సలహాపై ఫోర్‌స్టర్ రెండేళ్ళు విదేశాలలో గడిపాడు. పారిస్‌లో జూల్ దెజరీన్ వద్ద నాడీ వ్యాధులను, స్విట్జర్లాండ్‌లోని హైడెన్‌లో ఫ్రెంకెల్ వద్ద వ్యాయామ చికిత్సను నేర్చుకున్నాడు. సిఫిలిస్ ముదిరి వెన్నుపాము దెబ్బతిన్న రోగులు (ఈ వ్యాధిని టేబిస్ అంటారు) కాలు ఎక్కడ పడుతుందో తెలియక తూలుతూ నడుస్తారు. అటువంటివారికి నేలపై గీతలు గీసి, అడుగులు లెక్కపెట్టిస్తూ, కంటిచూపు సాయంతో మళ్ళీ నడక నేర్పడం ఫ్రెంకెల్ పద్ధతి. ఫోర్‌స్టర్ జీవితంలో తరువాత జరిగిన చాలా విషయాలకు ఈ రెండేళ్ళే పునాది. శస్త్రచికిత్స ఒక్కటే రోగిని నడిపించదు, దాని తరువాత నెలల తరబడి చేయించే సాధనే నడిపిస్తుంది అనే నమ్మకం ఇతనికి ఇక్కడే కలిగింది.

తిరిగివచ్చిన తరువాత వెర్నికెతో కలిసి మెదడు నిర్మాణాన్ని చూపే అట్లాస్‌పై పనిచేశాడు. 1902లో శరీర కదలికల సమన్వయంపై ఒక గ్రంథాన్ని, 1906లో కండరాలు ముడుచుకొని కీళ్ళు వంగిపోయే స్థితిపై మరొక గ్రంథాన్ని వెలువరించాడు. అప్పటికి ఇతడు చేత కత్తి పట్టని వైద్యుడు మాత్రమే.

కాళ్ళు బిగుసుకుపోయే పిల్లలు

పుట్టుకకు ముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొద్దికాలానికో మెదడుకు కలిగే దెబ్బ వల్ల కదలికలు దెబ్బతినడాన్ని మస్తిష్క పక్షవాతం అంటారు. మెదడులోని దెబ్బ పెరగదు. కాని దాని ఫలితం పిల్లవాడితోపాటు పెరుగుతుంది. నెలలు తక్కువగా పుట్టిన పిల్లలలో తరచుగా రెండు కాళ్ళూ బిగుసుకుపోతాయి. తొడలు కత్తెరలా ఒకదానిపై ఒకటి పడతాయి, మడమ నేలకు ఆనదు, మునివేళ్ళపై నడక సాగుతుంది. లండన్ వైద్యుడు విలియం జాన్ లిటిల్ 1861లో ఇటువంటి పిల్లల గురించి సవివరంగా చెప్పడంతో చాలాకాలం దీనిని లిటిల్ వ్యాధి అని పిలిచారు. లిటిల్‌కే చిన్నతనం నుండి ఒక పాదం వంకర. జర్మనీలో స్ట్రోమయర్ అనే వైద్యుడు మడమ వెనుక స్నాయువును కోసి దానిని సరిచేశాడు. లిటిల్ అదే పద్ధతిని ఇంగ్లాండుకు తీసుకువెళ్ళి ప్రచారం చేశాడు.

అందువల్ల ఇరవయ్యవ శతాబ్దం మొదలయ్యేనాటికి బిగుసుకుపోయిన కాళ్ళకు ఉన్న శస్త్రచికిత్స స్నాయువును కోయడం, పొడిగించడం. పాదం అప్పటికి నేలకు ఆనుతుంది. కాని కండరానికి బిగుసుకొమ్మనే ఆజ్ఞ అలాగే ఉండిపోతుంది కాబట్టి పిల్లవాడు పెరిగేకొద్దీ వంకర మళ్ళీ రావచ్చు. రెండు కాళ్ళూ బిగిసిన పిల్లలలో మడమ స్నాయువును అతిగా పొడిగిస్తే మరొక ప్రమాదం కూడా ఉందని తరువాతి కాలపు వైద్యులు గుర్తించారు. పిక్క బలం తగ్గి, కొన్నేళ్ళకు మోకాళ్ళు వంచి కుంగి నడిచే నడక వస్తుంది. అది మునివేళ్ళ నడక కంటె ఎక్కువ శ్రమతో కూడినది, సరిదిద్దడం కూడా కష్టం. చికిత్స జరిగిన మరుసటి సంవత్సరం చూస్తే విజయంగా కనిపించినది పదేళ్ళకు వైఫల్యంగా తేలిన సందర్భాలు ఈ వైద్యంలో చాలా ఉన్నాయి.

1908 నాటి శస్త్రచికిత్స

కండరాన్ని సాగదీసినప్పుడు ఆ వార్త జ్ఞాననాడి ద్వారా వెన్నుపామును చేరుతుంది. అక్కడినుండి చాలకనాడి ద్వారా ముడుచుకొమ్మనే ఆజ్ఞ తిరిగివస్తుంది. ఇదే అసంకల్పిత ప్రతీకార చర్య. ఆరోగ్యవంతుడిలో మెదడు ఈ చర్యను అదుపులో ఉంచుతుంది. మెదడు దెబ్బతింటే అదుపు పోయి, చిన్న సాగుడుకు కూడా కండరం గట్టిగా బిగుస్తుంది. ఇంగ్లాండులో ఛార్లెస్ షెర్రింగ్టన్ 1898లో జంతువులపై చేసిన ప్రయోగాలలో ఇటువంటి బిగుతును కల్పించి, వెన్నుపాము వెనుకవైపు నాడీమూలాలను తెంచితే అది పోతుందని చూపాడు.

ఫోర్‌స్టర్ ఇదే విషయాన్ని రోగుల పక్కనుండి గ్రహించాడు. టేబిస్ వ్యాధిలో దెబ్బతినేది ఈ వెనుక నాడీమూలాలే. ఆ రోగుల కండరాలు వదులుగా ఉంటాయి. అటువంటివానికి పైన మెదడు నుండి దిగే నాడీమార్గం చెడినా బిగుతు రాదు. ఒక వ్యాధి చేస్తున్న పనిని కత్తితో కొలతగా చేయగలిగితే మరొక వ్యాధి తగ్గాలి అన్నది ఇతని తర్కం. 1908లో ఈ పద్ధతిని ప్రకటించాడు. మొదట్లో ఇతడు ఎంపిక చేసిన రోగులకు బ్రెస్లౌలోని అలెగ్జాండర్ టీట్జే వంటి శస్త్రవైద్యులు కత్తి పట్టేవారు.

ఏ వేళ్ళను కోయాలి, ఏవి వదలాలి అన్నదే ఇందులో కీలకం. అన్నీ కోస్తే కాలికి స్పర్శ పోతుంది, నిలబడే బలం కూడా పోతుంది. ఒక చర్మభాగానికి పక్కపక్కనున్న నాడీమూలాల నుండి కూడా స్పర్శ అందుతుంది కాబట్టి, వరుసగా అన్నిటినీ కోయకుండా మధ్యలో ఒకటి వదిలితే స్పర్శ నిలుస్తుంది. కాళ్ళ విషయంలో నడుము భాగపు రెండవ, మూడవ, ఐదవ నాడీమూలాలను, త్రికంలోని మొదటిదానిని కోసి, నడుము నాలుగవదానిని వదిలివేయడం ఇతని పద్ధతి. మోకాలిని నిటారుగా నిలిపే తొడ కండరానికి ఆ నాలుగవదే ఆధారం. శస్త్రచికిత్స సమయంలో విద్యుత్తుతో తాకి చూసి ఏది ఏదో నిర్ధారించేవాడు.

1913 నాటికి ప్రపంచంలో వివిధ వైద్యులు ఈ పద్ధతిలో చేసిన శస్త్రచికిత్సలు నూట యాభై దాటాయి. ఫోర్‌స్టర్ వాటి ఫలితాలను సమీక్షించాడు. మంచి ఫలితం రావాలంటే మూడు కావాలని ఇతడు పట్టుబట్టాడు: రోగికి బిగుతు కింద కొంతైనా స్వంత కదలిక మిగిలి ఉండాలి, మెదడులోని వ్యాధి పెరుగుతూ ఉండేది కాకూడదు, శస్త్రచికిత్స తరువాత దీర్ఘకాలం వ్యాయామం చేయించాలి. వందేళ్ళ తరువాత పిల్లలను ఎంపిక చేసే నియమాలను చూస్తే ఈ మూడూ వాటిలో ఉన్నాయి. అయినా ఆ రోజులలో ఈ చికిత్స విస్తరించలేదు. వెన్నెముకను తెరవడం అప్పట్లో ప్రాణాపాయంతో కూడిన పని. ఇతరుల చేతుల్లో స్పర్శ కోల్పోవడం, కాళ్ళు మరీ వదులైపోవడం వంటి ఫలితాలు వచ్చాయి. కోసిన తరువాత రోగిని బ్రెస్లౌలో వలె నెలల తరబడి కనిపెట్టి నడిపించే ఓపిక చాలా చోట్ల లేదనుకోవచ్చు.

ప్రపంచ యుద్ధం, కత్తి పట్టడం

మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకీ గుళ్ళకు నాడులు తెగిన సైనికులు వేలసంఖ్యలో వచ్చారు. ఫోర్‌స్టర్ నలభై ఏళ్ళు దాటిన వయసులో తానే శస్త్రచికిత్సలు చేయడం మొదలుపెట్టాడు. శస్త్రవైద్యంలో ఏ గురువు వద్దా క్రమపద్ధతిలో శిక్షణ పొందలేదు. తెగిన నాడులను కుట్టడం, మెదడులోని గడ్డలను తీయడం, నయంకాని నొప్పికి వెన్నుపాములో నొప్పిని మోసే దారిని తెంచడం వంటివి చేశాడు. మత్తు ఇవ్వకుండా స్థానికంగా మొద్దుబరచి, రోగి మెలకువగా ఉండగానే మెదడు ఉపరితలాన్ని విద్యుత్తుతో తాకి, మూర్ఛకు కారణమైన మచ్చను వెదికి తీసేసేవాడు.

ఈ పద్ధతిని నేర్చుకోవడానికి వచ్చినవారిలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ ఒకడు. 1928లో ఆరు నెలలు బ్రెస్లౌలో ఉండి, 1930లో ఫోర్‌స్టర్‌తో కలిసి మూర్ఛపై వ్యాసం వెలువరించాడు. 1934లో మాంట్రియల్ నాడీ విజ్ఞాన సంస్థను స్థాపించినది ఈయనే. మెదడులో శరీరభాగాల పటంగా నేడు పాఠ్యపుస్తకాలలో కనిపించే బొమ్మకు వెనుక బ్రెస్లౌలో చూసిన పని కూడా ఉంది.

బిగుతు కోసం, నొప్పి కోసం నాడీమూలాలు కోసిన రోగులలో ఎక్కడ స్పర్శ మిగిలిందో ఫోర్‌స్టర్ ఓపికగా గుర్తించి ఉంచాడు. ఈ పరిశీలనలను లండన్‌లో ఉపన్యసించి 1933లో ప్రచురించాడు. డెర్మటోమ్‌లు అని పిలిచే ఈ చర్మపటాలను నడుము నొప్పితో వచ్చిన రోగి కాలిలో ఎక్కడ తిమ్మిరి ఉందో చూసి నొక్కుకుపోయిన నాడిని పోల్చుకోవడానికి వైద్యులు ఇప్పటికీ వాడుతున్నారు.

లెనిన్ వైద్యుడు

1922 మే నెలలో లెనిన్‌కు పక్షవాతం వచ్చినప్పుడు సోవియట్ ప్రభుత్వం జర్మన్ వైద్యులను పిలిపించింది. వారిలో ఫోర్‌స్టర్ ముఖ్యుడు. 1924 వరకు పలుమార్లు వెళ్ళి మాస్కోలో, నగరం బయటి గోర్కీ గ్రామంలో దీర్ఘకాలం గడిపాడు. 1923 మార్చిలో లెనిన్‌కు మాట పడిపోయింది, కుడివైపు చచ్చుబడింది. మాటను తిరిగి నేర్పడం, ఎడమచేతితో వ్రాయించడం, నడిపించడం వంటి సాధనలు సాగాయి. వేసవి తరువాత కొంత మెరుగుదల కూడా కనిపించింది. 1924 జనవరి 21న లెనిన్ మరణించినప్పుడు ఫోర్‌స్టర్ అక్కడే ఉన్నాడు, మరుసటి దినం జరిగిన శవపరీక్షకు హాజరయ్యాడు.

నాజీల కాలం, మరణం

1934లో అమెరికాకు చెందిన రాక్‌ఫెల్లర్ సంస్థ సాయంతో బ్రెస్లౌలో ఫోర్‌స్టర్ కోసం నాడీ పరిశోధన సంస్థ ఏర్పడింది. 1930లలో ఓస్వాల్డ్ బుమ్కెతో కలిసి నాడీ వైద్యంపై బహుసంపుటాల మహాగ్రంథానికి సంపాదకత్వం వహించాడు. నోబెల్ బహుమతికి ఇతని పేరు పలుమార్లు ప్రతిపాదించబడింది కాని రాలేదు.

కీర్తి పెరుగుతున్న ఈ కాలంలోనే అతని చుట్టూ ఉన్న ప్రపంచం కూలింది. భార్యకు యూదు మూలాలున్నాయి. లెనిన్‌కు వైద్యం చేసినవాడన్న పేరు కూడా ఆనాటి జర్మనీలో మేలు చేసేది కాదు. ఇతని ముఖ్య సహాయకుడు లుడ్విగ్ గుట్‌మన్ యూదుడు కావడంతో 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. గుట్‌మన్ అదే నగరంలోని యూదుల ఆసుపత్రిలో పనిచేసి, 1939లో కుటుంబంతో ఇంగ్లాండుకు చేరాడు. ఆ సంవత్సరం నుండే జర్మన్ ప్రభుత్వం అంగవైకల్యం ఉన్న పిల్లలను రహస్యంగా చంపించే కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళ క్రితం ఏ పిల్లలను నిలబెట్టాలని బ్రెస్లౌలో కృషి జరిగిందో అటువంటి పిల్లలే దానికి బలి అయ్యారు.

ఫోర్‌స్టర్ క్షయవ్యాధితో 1941 జూన్ 15న బ్రెస్లౌలో మరణించాడు. భార్య కూడా అదే వ్యాధితో కొద్ది రోజుల తేడాలో మరణించింది.

శస్త్రచికిత్స తరువాతి చరిత్ర

ఫోర్‌స్టర్ పద్ధతి దాదాపు అర్ధశతాబ్దం మూలబడింది. 1960లలో ఫ్రాన్స్‌లోని మాంపెలియేలో గ్రో అనే వైద్యుడు నాడీమూలాన్ని మొత్తంగా కాక, అందులోని పోగులలో కొన్నిటిని మాత్రమే కోసి స్పర్శను కాపాడే మార్గం చూపాడు. 1970లలో ఇటలీలోని ట్యూరిన్‌లో ఫజానో ఒక్కొక్క పోగును విద్యుత్తుతో తాకి, కండరం అసహజంగా స్పందించిన పోగులనే కోశాడు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో వార్విక్ పీకాక్ 1980లలో వెన్నుపాముకు దిగువన, నాడులు గుర్రపు తోకవలె విడివడే చోట ఈ పని చేసి, మూత్రాశయానికి హాని కలిగే ప్రమాదాన్ని తగ్గించాడు. తరువాత ఈయన అమెరికాకు వెళ్ళడంతో ఈ చికిత్స అక్కడ బాగా వ్యాపించింది. దీనిని సెలెక్టివ్ డోర్సల్ రైజోటమీ అని పిలుస్తారు.

ఈ చికిత్స నిజంగా మేలు చేస్తుందా అన్న ప్రశ్నకు జవాబు అనుకున్నంత తేలిక కాదు. మస్తిష్క పక్షవాతం ఉన్న పిల్లలు ఏ చికిత్స లేకున్నా చిన్నతనంలో కొంత మెరుగుపడతారు. సుమారు ఏడేళ్ళ వయసుకు వారి కదలికల సామర్థ్యం చాలావరకు ఒక స్థాయికి చేరుతుంది. యౌవనంలో బరువు, ఎత్తు పెరిగి కొందరిలో నడక దిగజారుతుంది కూడా. నాలుగేళ్ళప్పుడు కోసి ఆరేళ్ళప్పుడు కొలిస్తే కనిపించే మార్పులో కత్తి వాటా ఎంతో, వయసు వాటా ఎంతో తేలదు. అందుకే 1997, 98లలో కెనడాలోని వాంకూవర్, టొరాంటో, అమెరికాలోని సియాటిల్ నగరాలలో పిల్లలను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు శస్త్రచికిత్సతోపాటు వ్యాయామం, రెండవదానికి వ్యాయామం మాత్రమే ఇచ్చి పోల్చారు. మూడింటిలో కలిపి వందమంది పిల్లలు కూడా లేరు. 2002లో మూడింటి ఫలితాలను కలిపి చూసినప్పుడు బిగుతు స్పష్టంగా తగ్గిందని, కదలికల సామర్థ్యంలో అదనపు లాభం ఉన్నా అది స్వల్పమేనని తేలింది. ఈ పరీక్షలు ఒకటి రెండేళ్ళకు మించినవి కావు.

దీర్ఘకాలిక ఫలితాలలో కేప్‌టౌన్ నుండి వచ్చినవి విలువైనవి. పీకాక్ కోసిన పిల్లల నడకను శస్త్రచికిత్సకు ముందే చిత్రించి ఉంచారు. ఇరవై ఏళ్ళ తరువాత, వారు పెద్దవారైనాక, మళ్ళీ పిలిచి కొలిచారు. మోకాలి కదలికలో వచ్చిన మెరుగుదల చాలావరకు నిలిచే ఉంది. అయితే సగానికి పైగా రోగులకు ఈ మధ్యకాలంలో ఎముకలకో స్నాయువులకో వేరే శస్త్రచికిత్సలు అవసరమయ్యాయి. పరిశీలించినవారు కొద్దిమంది, పోల్చిచూడడానికి కోత లేని జట్టు లేదు. స్వీడన్‌లో 19 మంది పిల్లలను పదేళ్ళు గమనించి 2011లో ప్రకటించిన అధ్యయనం మరొక కోణాన్ని చూపింది. బిగుతు తగ్గి తగ్గినట్టే ఉంది, కాని కీళ్ళు ముడుచుకుపోవడం ఆగలేదు. ముడుచుకుపోవడానికి బిగుతే కారణమని ఫోర్‌స్టర్ కాలం నుండి వైద్యులు నమ్మినది పూర్తిగా సరికాదని దీనివల్ల అర్థమవుతుంది. పెరిగే ఎముకకు దీటుగా కండరం పెరగకపోవడం వంటి ఇతర కారణాలు అందులో ఉన్నాయి. వెన్నెముక తోరణాలను చాలా చోట్ల తెరిచిన పిల్లలలో తరువాత నడుము వంపు పెరగడం, వెన్నుపూసలు జారడం కూడా గమనించారు. అందువల్ల అమెరికాలోని సెయింట్ లూయీ వైద్యులు ఒకే వెన్నుపూస వద్ద తెరిచి పని పూర్తిచేసే పద్ధతిని అనుసరించారు.

ఇంగ్లాండులో ప్రభుత్వ వైద్యవ్యవస్థ ఈ చికిత్స ఖర్చు భరించకపోవడంతో పలు కుటుంబాలు చందాలు పోగుచేసి పిల్లలను అమెరికాకు తీసుకువెళ్ళాయి. 2014 నుండి ఐదు ఆసుపత్రులలో 137 మంది పిల్లలకు చికిత్స చేసి రెండేళ్ళపాటు గమనించిన తరువాత, 2018లో ఎంపిక చేసిన పిల్లలకు ప్రభుత్వమే ఖర్చు భరించాలని నిర్ణయించారు. మూడు నుండి తొమ్మిదేళ్ళ వయసువారు, కష్టంమీద స్వంతంగానో లేదా చేతికర్ర, వాకర్ వంటి వాటి ఆసరాతోనో నడవగలిగినవారు దీనికి అర్హులు. బిగుతుతోనే నిలబడగలుగుతున్న పిల్లవాడికి, లోపల బలం లేకపోతే, బిగుతు తీసివేయడం ఉన్న ఆధారాన్ని తీసివేయడమే అవుతుంది. తల్లిదండ్రులకు వైద్యులు అన్నిటికంటె ఓపికగా వివరించవలసి వచ్చేది ఈ సంగతినే.

స్మృతి

జర్మన్ నాడీ శస్త్రవైద్యుల సంఘం ఫోర్‌స్టర్ పేరుతో ఒక పతకాన్ని ఇస్తున్నది. ఇతని శిష్యుడు గుట్‌మన్ 1944లో ఇంగ్లాండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము గాయాల విభాగాన్ని ప్రారంభించి, 1948 జూలై 29న అక్కడి రోగులకు విలువిద్య పోటీలు నిర్వహించాడు. ఈ పోటీలే తరువాత పారాలింపిక్ క్రీడలుగా మారాయి. మొదట్లో అవి చక్రాల కుర్చీలోని వెన్నుపాము రోగులకే పరిమితం. 1980లో నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్‌లో జరిగిన క్రీడల నుండి మస్తిష్క పక్షవాతం ఉన్న క్రీడాకారులు కూడా వాటిలో పాల్గొంటున్నారు.